ఏ ఊరి నీళ్లు పోశారు?

గోదావరి జిల్లాల్లో లారీ హీటెక్కుతోందని షెడ్డుకు తెస్తే, పాతకాలం మేస్త్రీలు బానెట్టు ఎత్తకముందే డ్రైవర్ని ఒక మాట అడిగేవారు. "ఏ ఊరి నీళ్లు పోశారు?" తణుకు, రావులపాలెం, మండపేట, రాజమండ్రి, తాడేపల్లిగూడెం... రోడ్డు పక్కన తాటాకు పందిళ్ల కింద, రేకుల షెడ్లలో పానాలు పట్టుకుని బతుకంతా గడిపిన ఆ తరం వైద్యం ఆ ప్రశ్నతోనే మొదలయ్యేది. డ్రైవరు చెప్పే ఊరి పేరును బట్టి రేడియేటరులో ఏం పేరుకుని ఉంటుందో, బ్లాకు లోపల ఇనుము ఎలా ఉంటుందో వాళ్లకు ఒక అంచనా వచ్చేసేది.

బయటివాళ్లకు డెల్టా అంటే ఎక్కడ చూసినా నీళ్లే. ఆ నీళ్లన్నీ ఒకటి కావని మాత్రం లారీ క్లీనరుకు కూడా తెలుసు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచి మా కాలువల్లో పారేది గోదావరి నీరే. మెత్తటి నీరు, ఇంజనుకు మంచిదే. ఆషాఢ శ్రావణాల్లో ఎర్రనీరు దిగిందంటే మాత్రం చెంబు అడుగున ఒండ్రు పేరుకుంటుంది. ఇళ్లలో ఆడవాళ్లు ఇండుపగింజ అరగదీసో, పటిక తిప్పో బిందెల్లో నీళ్లు తేర్చుకునేవారు. లారీకి తేర్చి పోసే తీరిక ఎవరికుంది? తాడు కట్టిన డబ్బా కాలువలోకి విసిరి, ఎంత ఎర్రగా ఉంటే అంత ఎర్రగా రేడియేటరులో కుమ్మరించేవారు. వేసవిలో కాలువలు కట్టేస్తే చెరువు నీళ్లు, పాచి, నాచు. రాజోలు దాటి సఖినేటిపల్లి, అంతర్వేది వైపు పోయినా, ఏటికవతల నరసాపురం, మొగల్తూరు వైపు పోయినా బోరు నీళ్లు ఉప్పు. ఆ ఉప్పు బ్లాకును లోపల్నుంచి తినేస్తుంది. గట్టి నీళ్లు ఉన్నచోట సున్నం పొర కడుతుంది. సున్నం పొర గుండా వేడి దాటడం పోత ఇనుము గుండా దాటేదాని కన్నా ఎన్నో రెట్లు నెమ్మది. మంచి నీళ్లంటే మేస్త్రీల లెక్కలో వాన నీళ్లు మొదటివి, తేరిన కుళాయి నీళ్లు రెండోవి, పుష్య మాఘ మాసాల్లో తేటపడ్డ కాలువ నీళ్లు మూడోవి. ఈ వరస నేను ఏ పుస్తకంలోనూ చూడలేదు. షెడ్డులో విన్నదే.

ఆ షెడ్డు రావులపాలెం దగ్గర హైవే పక్కన ఉండేది. మా మావయ్యకు ఒక లారీ ఉండేది కనక, సెలవులొస్తే నా మకాం అక్కడే. పెద్దమేస్త్రిని డ్రైవర్లు, ఓనర్లు, పనివాళ్లు అంతా "గురువుగారూ" అనే పిలిచేవారు. ఆయన మా మావయ్యను "ఏవండీ" అనేవాడు, నన్ను "బాబూ" అనేవాడు, చేతికింద కుర్రాళ్లను మాత్రం "ఒరేయ్" అనేవాడు.

లారీ అంటే అప్పట్లో బెంజి లారీ. జర్మనీ డైమ్లర్ బెంజ్ వాళ్లతో కలిసి టాటాలు 1954లో జంషెడ్‌పూర్‌లో వీటిని చెయ్యడం మొదలుపెట్టారు. 1969లో ఆ ఒప్పందం ముగిసి, ముక్కు మీద మూడు కొమ్మల నక్షత్రం పోయి టాటా గుర్తు వచ్చినా, మా వైపు జనం నోట చాలాకాలం అది బెంజి లారీగానే ఉండిపోయింది. మద్రాసు నుంచి వచ్చే లేలాండ్ కామెట్లు ఉండేవి. అక్కడక్కడా బెడ్‌ఫోర్డ్‌లు, ఫార్గోలు, డాడ్జిలు. మావయ్యది ముందుకు ముక్కు పొడుచుకొచ్చిన టాటా 1210. అందులో 692 ఇంజను. ఆరు సిలిండర్లు, ఒక్కొక్కటి 92 మిల్లీమీటర్ల బోరు, అందుకే ఆ పేరు. తర్వాత వచ్చిన 697 అంటే ఆరు సిలిండర్లు, 97 మిల్లీమీటర్లు. ఈ లెక్క గురువుగారు చెప్పినరోజు నాకు ఎంత సంతోషం వేసిందో ఇప్పటికీ గుర్తుంది. పేరు వింటే కొలత తెలిసిపోయే యంత్రం మీద గౌరవం పుడుతుంది.

ఇంజను పని ఎక్కువగా వానాకాలంలో పడేది. సార్వా కోతలయ్యాక, దాళ్వా కోతలయ్యాక ధాన్యం, బియ్యం లోడ్లతో లారీలకు నిద్ర ఉండదు. ఆషాఢం వచ్చేసరికి కిరాయిలు పడిపోతాయి. పొగ ఎక్కువైందనో, ఆయిలు తాగేస్తోందనో, ఎత్తు ఎక్కలేకపోతోందనో ఓనరు అప్పుడు ఆలోచనలో పడేవాడు. అప్పు దొరికితే ఫుల్లింజను పని, దొరక్కపోతే హాఫింజను. వేప కొమ్మకో, మూడు సర్వీబాదుల ముక్కాలికో చైను కప్పీ కట్టి ఇంజను పైకెత్తి దించేవారు. హెడ్డు ఒకచోట, పిస్టన్లు ఒకచోట, వాల్వులు ఏ సిలిండరువి ఆ సిలిండరు వరసలో పాత గోనె మీద. ఆ వరస కుర్రాడి కాలు తగిలి చెదిరితే ఆరోజు వాడికి అన్నం అరిగినట్టే. బ్లాకు రిక్షా మీదో, మరో లారీలోనో రాజమండ్రి బోరింగు మిషను దగ్గరకు పోయేది. క్రాంకు గ్రైండింగుకు పోయేది. మైకో డీజిలు పంపును, నాజిళ్లను పంపు మేస్త్రి విడిగా చూసేవాడు. రేడియేటరు పని చేసేవాళ్లు వేరు. పైట్యాంకు, కింది ట్యాంకు టంకం విప్పి, సన్నటి ఇనప బద్దలు గొట్టాల్లోంచి పోనిచ్చి మురికి తోసేవారు. ఒక్క లారీ మళ్లీ రోడ్డెక్కాలంటే నాలుగైదు వృత్తులవాళ్ల చేతులు పడాలి. రోగం తర్వాత బయటపడితే ఎవరి చేతిలో పొరపాటు జరిగిందో కనిపెట్టే భారం పెద్దమేస్త్రి మీద పడేది. ఓనరు ఎదురుగా కనిపించేది ఆయన ఒక్కడే కదా.

ఇంజను ఎక్కించిన రోజు షెడ్డులో పండగ. కుంకుమ, కొబ్బరికాయ, చక్రాల కింద నిమ్మకాయలు. స్టార్టు చేశాక గురువుగారు కుర్చీలో కూచునేవాడు కాదు. ఇంజను చుట్టూ తిరుగుతూ అరచేతిని హెడ్డు మీద, పై హోసు మీద, రేడియేటరు కింది ట్యాంకు మీద మార్చి మార్చి పెట్టేవాడు. వేడెక్కాక ఆపించి, చల్లారాక హెడ్డు బోల్టులు మధ్య నుంచి చివర్లకు మళ్లీ ఒక వరస బిగించేవాడు. ఈ రెండో బిగింపు ఎగ్గొట్టిన షెడ్ల లారీలే నెల తిరక్కుండా ప్యాకింగు పోయి వెనక్కొచ్చేవి. కిరాయి తొందరలో ఓనరు లారీ ఇచ్చెయ్యమని ఎంత గొడవపెట్టినా ఆయన ఆ బిగింపు కాకుండా తాళం చేతికి ఇచ్చేవాడు కాదు.

తర్వాత కొన్నాళ్లు బరువు మోయనిచ్చేవాడు కాదు. అందుకు కోనసీమలో ఒక సదుపాయం ఉంది. చూడ్డానికి కొండంత, తూకానికి తేలిక అయిన సరుకు మాకు దండిగా దొరుకుతుంది. కొబ్బరి పీచు, ఊక, తవుడు. అంబాజీపేట పీచు లోడుతో నాలుగు ట్రిప్పులు తిప్పించి, రింగులు బోరుకు సర్దుకున్నాకే బియ్యం ఎక్కించమనేవాడు. కొత్తగా కట్టిన ఇంజను కొంత బిగువుగా ఉంటుంది, కొంత వేడి సహజం. ఆ సహజమైన వేడి ఏదో, రోగం వేడి ఏదో విడదీయడంలోనే మేస్త్రి పనితనమంతా తెలిసేది. ఇంజను ఆపినప్పుడు చూసేవాడు. మెల్లగా రెండు చుట్లు తిరిగి ఆగిందా, ఎవరో పట్టుకున్నట్టు టక్కున ఆగిందా? టక్కున ఆగితే పిస్టన్ల దగ్గర గ్యాపు చాలలేదు, బోరింగు మిషను దగ్గరకే పోవాలి.

మేస్త్రీలకు ఇంకో చిక్కు ఉంది. డెల్టా చదునుగా ఉంటుంది. ఎత్తు లేని నేల మీద ఇంజనును పరీక్షించడం ఎలా? ఖాళీ లారీ రావులపాలెం నుంచి తణుకు పోయి వస్తే ఏ రోగమూ కనపడదు. మాకున్న ఎత్తులు మూడే. కాలువ వంతెనల దిబ్బలు, లారీలను ఏరు దాటించే పంటు దిగాక ఎక్కాల్సిన రేవు గట్లు, గోదావరి వంతెనల అప్రోచ్‌లు. జొన్నాడ వైపు గౌతమి వంతెన ఎక్కితే ఒక పరీక్ష. అసలు పరీక్ష రాజమండ్రిలో. 1974లో వచ్చిన రైలు కం రోడ్డు వంతెన మీద రైళ్లు కింద, లారీలు పైన. రైలు దారి కన్నా రోడ్డు దారి పొడుగు, నాలుగు కిలోమీటర్ల పైమాట. పై అంతస్తు అందుకోవాలంటే లోడు లారీ గేరు దింపి ఏటవాలంతా లాగాలి. "కొవ్వూరు పోయి రా" అన్నాడంటే గురువుగారు ఇంజనుకు పరీక్ష పెట్టాడని అర్థం. రంపచోడవరం దాటి మారేడుమిల్లి ఘాటీకి మాత్రం కొత్త ఇంజనును పంపేవాడు కాదు. పేపరు మిల్లుకు వెదురు తెచ్చే లారీలు ఖాళీగా ఎక్కి లోడుతో దిగుతాయి, వాటికి ఇంజను కన్నా బ్రేకులు ముఖ్యం అనేవాడు. లోడుతో ఎక్కాల్సిన బండి సంగతి వేరు.

గాలి లెక్క కూడా ఉండేది. మే నెలలో పడమటి గాలి కొట్టేటప్పుడు తూర్పుకు పోయే లారీ ఎక్కువ వేడెక్కుతుంది. గాలి వెనక నుంచి తోస్తుంటే రేడియేటరు మీద పడే గాలి తగ్గిపోతుంది కనక. పోతున్నప్పుడు మరిగి, తిరిగి వస్తున్నప్పుడు మరగని లారీని ఇంజను విప్పి చూడక్కర్లేదు.

అందుకని "ఏ ఊరి నీళ్లు" తర్వాత ప్రశ్నలు వరసగా వచ్చేవి. నిలబెట్టి ఉంచితే వేడెక్కుతోందా, లాగుతుంటేనా? నిలబెడితే వేడెక్కి, పరుగులో చల్లారితే ఫ్యాను, బెల్టు, గాలి సంగతి. లోడు మీదే వేడెక్కితే నీటి ప్రవాహం, టైమింగు సంగతి. పొద్దున్నే చల్లటి ఇంజను స్టార్టు చేసిన వెంటనే పై హోసు రాయిలా గట్టిపడుతోందా? పడితే హెడ్డు ప్యాకింగు దగ్గర మంట గ్యాసు నీళ్లలోకి దూరుతోంది. నీళ్లు తగ్గుతున్నాయా, ఉన్నవే మరుగుతున్నాయా? ఆయిలు గేజి కడ్డీ మీద తెల్లటి నురగ ఉందా? పొగ ఏ రంగు? డ్రైవరు ఇవన్నీ చూసి ఉండేవాడు. జవాబు చెప్పలేని డ్రైవర్ని ఏ షెడ్డులోనూ గౌరవించేవారు కాదు. లారీతో పడుకుని లారీతో లేచే మనిషి దాని ఒంటి సంగతి చెప్పలేకపోవడమేమిటని అంతా ఆశ్చర్యపోయేవారు.

1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన వరద తెలియని ఇల్లు మా వైపు లేదు. ధవళేశ్వరం దగ్గర సుమారు 35 లక్షల క్యూసెక్కులు. గట్లు తెగి లంకలు, ఊళ్లు మునిగాయి. నీళ్లు తీసిన తర్వాత కూడా చాలా రోజులు చెరువుల్లో, కాలువల్లో, గుంటల్లో ఎక్కడ చూసినా బురద నీరే. మావయ్య లారీ ఆ రోజులన్నీ తిరుగుతూనే ఉంది, ఆ నీళ్లే తాగింది. మరుసటి ఏడు వానాకాలంలో దానికి ఫుల్లింజను పని చేయించాడు. పీచు ట్రిప్పుల్లో బండి బ్రహ్మాండంగా నడిచింది. ఆ తర్వాత రావులపాలెం అరటి మార్కెట్లో గెలలు ఎక్కించుకుని ఒరిస్సా బయల్దేరింది. జొన్నాడ వంతెన మీదే మరిగి నీళ్లు కక్కింది. అరటి లోడు ఆగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. గెలలు మరో లారీలోకి మార్చి, మావయ్య మొహం వేలాడేసుకుని షెడ్డుకొచ్చాడు.

గురువుగారు ప్రశ్నలన్నీ అడిగాడు. డ్రైవరు చెప్పినదాంట్లో ఒక సంగతి ఆయన్ని ఆపింది. నీళ్లు పైకి తన్నుతున్నప్పుడు గేజి ముల్లు మధ్యలోనే ఉందట. నిజంగా నీళ్లన్నీ మరిగితే ముల్లు ఎర్ర గీతకు పోవాలి. ముల్లు పాడైందేమోనని మరో లారీ గేజి తెచ్చి పెట్టి చూశారు. అదీ మధ్యలోనే నిలబడింది.

అప్పుడు తేలికవి ముందు, కష్టమైనవి తర్వాత అన్న వరసలో పని మొదలైంది. బెల్టును బొటనవేలితో నొక్కి చూశాడు. ఫ్యాను తిరగేసి బిగించారేమో, రెక్కల వాలు చూశాడు. తొందర్లో అలా బిగించడం షెడ్లలో జరిగేదే. థర్మోస్టాట్ విప్పి, దారం కట్టి, పక్క టీ కొట్టులో మరుగుతున్న గిన్నెలో వేలాడదీశాడు. నీళ్లు కాగుతుంటే వాల్వు విచ్చుకుంది, బయటికి తీస్తే మూసుకుంది. అది బాగానే ఉంది. చాలామంది మేస్త్రీలు మన ఎండలకు ఇదెందుకని థర్మోస్టాట్ పీకి పారేసేవారు. గురువుగారు ఒప్పుకునేవాడు కాదు, ఆయనదే సరైన పద్ధతి అని నేనూ అనుకుంటాను. అది లేకపోతే ఇంజను పొద్దున పూట చాలాసేపు చల్లగా నడిచి అరుగుతుంది. కొన్ని ఇంజన్లలో అయితే నీళ్లు రేడియేటరుకు పోకుండా దగ్గరి దారిలోనే తిరిగి, చల్లబడాల్సింది పోయి ఇంకా వేడెక్కుతుంది.

నీళ్ల పంపు, అదే వాటర్ బాడీ, విప్పి చూశారు, కొత్తదే, రెక్కలు బావున్నాయి. రేడియేటరు మూత తీసి అంచు దాకా నీళ్లు నింపి, చల్లటి ఇంజను స్టార్టు చేసి ఆక్సిలేటరు తొక్కారు. బుడగలు రాలేదు, అంటే ప్యాకింగు మంచిదే. పంపు టైమింగు వెనకబడితే డీజిలు ఆలస్యంగా మండి ఆ వేడి గోడలకు, పొగ గొట్టానికి ఎక్కుతుంది. అందుకని మొదటి సిలిండరు పైపు విప్పించి, ఫ్లైవీలును కడ్డీతో వెంట్రుకవాసి వెంట్రుకవాసి తిప్పించి, డీజిలు ధార సరిగ్గా ఎక్కడ తెగుతోందో వంగి చూశాడు. గుర్తుకు గుర్తు సరిపోయింది. రేడియేటరు అడుగున చెయ్యి పెట్టాడు. గోరువెచ్చగా ఉంది. పైన కక్కుతోంది, కింద గోరువెచ్చన, ముల్లు మధ్యలో. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

తర్వాత చేసిన పని నాకు ఇప్పటికీ అబ్బురమే. ఇంజను నడుస్తుండగా చెంబులోంచి వేళ్లతో నీళ్లు తీసుకుని, హెడ్డు పక్కన ఇనుము మీద ముందు సిలిండరు నుంచి వెనక దాకా వరసగా చిలకరించాడు. ముందు సిలిండర్ల దగ్గర చుక్క జారి, కాసేపు నిలిచి, మెల్లగా ఆరింది. అయిదో సిలిండరు దగ్గర చుయ్‌మంది. ఆరో దాని దగ్గర చుక్క నిలవనే లేదు. మళ్లీ చిలకరించాడు, మళ్లీ అంతే. "వేడి వెనక ఉందండి" అన్నాడు మావయ్యతో. "గేజి ముందుంది. దానికి ఈ సంగతి ఎలా తెలుస్తుందండి?"

బ్లాకు పక్కన నీటి గదులకు మూతలుగా కొట్టిన ఇనప బిళ్లలు ఉంటాయి. నీళ్లు దించి, వెనక బిళ్లను ఉలితో పొడిచి ఊడబెరికించాడు. నీళ్లు కారాల్సిన చోట ఏమీ కారలేదు. సైకిలు చువ్వ దూర్చి గెలికితే ఎర్రటి ముద్ద ఊడిపడింది. పైన నల్లగా, లోపల ఎర్రగా, కుండ అడుగున గడ్డకట్టిన మడ్డిలా. గోదావరి ఒండ్రు. వాటర్ బాడీ ముందుంటుంది, నీళ్ల ఉరవడీ అక్కడే ఎక్కువ. వెనక చివర్లలో నీళ్లు మందగిస్తాయి, తెచ్చిన మన్నంతా అక్కడ దింపేస్తాయి. బయట మన కాలువ చివర్లలో పూడిక పడే తీరు ఇదే. ఆ మట్టి గోడకు అంటుకున్న చోట నీళ్లు ఇనుమును తాకవు. మిగిలిన సన్నటి సందులో చిక్కిన కాసిని నీళ్లు ఆవిరై, ఆ ఆవిరి ముందున్న నీళ్లను రేడియేటరు మూతలోంచి తన్నేస్తోంది. బోరింగు దగ్గర సిలిండర్లు చక్కగా కోశారు. బ్లాకును సోడా నీళ్లలో ఉడికించారు కూడా. బిళ్లలు మాత్రం విప్పలేదు.

మావయ్య అడిగిన ప్రశ్న న్యాయమైనది. "మరి పని చేయించకముందు ఎందుకు మరగలేదండీ గురువుగారూ? మట్టి అప్పుడూ ఉందిగా?"

ఆయన ఇచ్చిన జవాబులోనే ఇంజను పని తర్వాత వచ్చే వేడి రోగం మొత్తం ఉంది. అరిగిపోయిన ఇంజను బలం తక్కువ, కంప్రెషను తక్కువ, డ్రైవరు కూడా దాన్ని ముసలి ఎద్దును అదిలించినట్టు అదిలించడు. తక్కువ బలం, తక్కువ వేడి. ఆ తక్కువ వేడికి సగం పూడిన నీటి దారి సరిపోయింది. కొత్త పిస్టన్లు, కొత్త రింగులు పడగానే బలం తిరిగొచ్చింది. మండిన డీజిలులో మూడో వంతు చక్రాలకు పోతే, మిగతా వేడిని పొగ గొట్టం, నీళ్లు పంచుకోవాలి. బలం పెరిగితే నీళ్ల వంతూ పెరుగుతుంది. ఇంజనుకు పని చేయించి, నీళ్ల దారికి చేయించకపోతే జరిగేది ఇదే. నీళ్ల దారంటే రేడియేటరు ఒక్కటే అనుకుంటారు. బ్లాకు లోపలి గదులు ఎవరికీ గుర్తురావు, కనపడవు కనక.

బిళ్లలన్నీ విప్పి, వైర్లతో గెలికి, కింది నుంచి పైకి నీటి ధార ఎదురు కొట్టి, తేట నీళ్లు వచ్చేదాకా కడిగారు. బట్టల సోడా కలిపిన నీళ్లతో కొన్నాళ్లు తిప్పి దింపేశారు. రేడియేటరు మళ్లీ విప్పించి బద్దలు పోనిచ్చారు, ఊడిన మట్టి అక్కడికి చేరి ఉంటుందని. అంతా అయ్యాక గురువుగారు లారీని లోడుతో కొవ్వూరు బయల్దేరదీసి తానూ ఎక్కాడు. వంతెన మధ్యలో ఆపించి, అడుగు ట్యాంకు మీద చెయ్యి పెట్టి, పై ట్యాంకు మీద చెయ్యి పెట్టి, మళ్లీ ఎక్కి కూచున్నాడు. ఆ లారీ తర్వాత ఏళ్ల తరబడి తిరిగింది. ఆ బోరింగు దగ్గరకు పంపే ప్రతి బ్లాకుకూ అప్పటినుంచి గురువుగారు బిళ్లలు తానే ముందుగా విప్పించి పంపేవాడు. ఎవర్నీ నిందించలేదు, పద్ధతి మార్చుకున్నాడు అంతే.

క్లీనర్ల గురించి కూడా చెప్పుకోవాలి. మరిగిన రేడియేటరు మూత తియ్యడం క్లీనరు పని. తడి గోనె మూత మీద కప్పి, మొహం పక్కకు తిప్పుకుని, ఒక్క పావు చుట్టు తిప్పి ఆగాలి, ఆవిరి పోనివ్వాలి. ఆగలేని కుర్రాళ్ల మోచేతుల మీద ఆ మచ్చలు జీవితాంతం ఉండేవి. వేడి ఇంజనులో చన్నీళ్లు ఒక్కసారిగా పోస్తే హెడ్డు చిట్లుతుందని, ఇంజను నడుస్తుండగా సన్నధారగా పొయ్యాలని వాడికి నేర్పేది డ్రైవరే. ఆ క్లీనరు ఏడెనిమిదేళ్లకు డ్రైవరయ్యేవాడు, కొందరు షెడ్డులో చేరి మేస్త్రీలయ్యేవారు. వాళ్ల చదువు బడిలో జరగలేదు. పదేళ్ల పిల్లలు రాత్రింబవళ్లు లారీల మీద బతకడం మంచిదని నేను అనను, ఆ రోజులు తిరిగి రావాలనీ కోరను. ఆ పిల్లలు నేర్చుకున్నది మాత్రం అసలు సిసలైన విద్య, దానికి దక్కాల్సిన గౌరవం దక్కలేదు.

ఇప్పటి లారీకి ఆ ప్రశ్న అక్కర్లేదు. రేడియేటరులో ఊరి నీళ్లు పొయ్యరు, కంపెనీ కూలెంట్ పోస్తారు. తుప్పు పట్టదు, సున్నం కట్టదు, మరిగే వేడి కూడా నీళ్ల కన్నా ఎక్కువ. ఇది నిజంగా మేలు. 2020 ఏప్రిల్ నుంచి అమ్మే లారీలన్నీ బీఎస్-6. వేడి గీత దాటితే ఇంజను తానే బలం తగ్గించుకుంటుంది, డ్యాష్‌బోర్డు మీద బొమ్మ వెలుగుతుంది. సర్వీసు సెంటరు కుర్రాడు తీగ తగిలించి ల్యాప్‌టాప్‌లో కోడ్ చదువుతాడు. ఆ కుర్రాళ్లలో చాలామంది పనిమంతులు, వాళ్ల మీద నాకు చిన్నచూపు లేదు. వేడి కొలిచే సెన్సరు ఎక్కడ పెడితే అక్కడి సంగతే చెబుతుందన్నది మాత్రం అప్పటికీ ఇప్పటికీ మారలేదు. పెట్టని చోట ఏముందో తెలుసుకోవాలంటే మనిషే వంగి చూడాలి. రావులపాలెం పక్క షెడ్లు ఒక్కొక్కటే హోటళ్లు, టైర్ల కొట్లు, ఖాళీ జాగాలు అయ్యాయి. బోరింగు మిషన్ల పని తగ్గిపోయింది. రేడియేటరు బద్దలు పోనిచ్చే మేస్త్రీలు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది మిగిలారు. అల్యూమినియం రేడియేటరు చెడితే మార్చెయ్యడమే.

గురువుగారు పోయి చాలా ఏళ్లయింది. ఆయన దగ్గర ఆఖరున పని నేర్చుకున్న కుర్రాడు ఒకడు ఇప్పుడు మండపేట వైపు వరికోత మిషన్లు చూస్తున్నాడు. కార్తీకంలో కోతలు మొదలైతే అతనికి తిండి తినే తీరికుండదు. కోత మిషను వేడెక్కడానికి కారణం లోపలి నీళ్లలో ఉండదు, బయటి గాలిలో ఉంటుంది. ఎండుగడ్డి నలుసు, ఊక దుమ్ము రేడియేటరు రెక్కల మధ్య దట్టంగా అతుక్కుపోతాయి. చాలామంది ఓనర్లు కంప్రెసరు గాలి బయటి వైపు నుంచి కొట్టి, పైన కనిపించే దుమ్మును ఇంకా లోపలికి దట్టిస్తారు. అతను ఫ్యాను వైపు నుంచి, అంటే గాలి వచ్చిన దారికి ఎదురు కొడతాడు. మొన్న కార్తీకంలో వెళ్లినప్పుడు ఒక మిషను దగ్గర నిలబడి చూశాను. ఓనరు వచ్చి "హీటెక్కిపోతోందండి" అనగానే అతను పానా తియ్యలేదు. ఏ చేలో కోశారు, తడి వరా పొడి వరా, గాలి ఎటు కొట్టింది అని అడుగుతున్నాడు. ఓనరు చిరాకు పడుతున్నాడు, మూడెకరాలు మిగిలిపోయాయి, మబ్బు పడుతోంది. అతను అడగడం ఆపలేదు.